మందు పనిచేసిందని ఎలా తెలుస్తుంది?

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో వైద్య సహాయ ఉపసంఘం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడాదీ ఈ సభలో మా ఉపసంఘం జమాఖర్చులు చదివి కూర్చుంటుంది. మందులకు ఎంత ఇచ్చాము, ఎన్ని కళ్ళజోళ్ళు పంచాము అనే లెక్కలు ఈ సంచికలోనే వేరే పేజీలో అచ్చయినాయి, వీలున్నప్పుడు చూసుకోండి. ఈసారి ఒక పాత బాకీ తీర్చుకోవడానికి నిలబడ్డాము. 2020 చివర్లో మా ఉపసంఘం మీ అందరికీ ఒక సర్క్యులర్ పంపింది. అందులో మేము రాసిన ఒక వాక్యం తప్పు. ఎవరినీ మోసం చేయాలని రాసింది కాదు, మనస్ఫూర్తిగా నమ్మి రాసింది. అయినా తప్పే. అది ఎలా తప్పయిందో చెప్పాలంటే ఒక మందు పనిచేసిందని లోకం ఎలా తెలుసుకుంటుందో కొంచెం చెప్పుకోవాలి. ఓపిక పట్టవలసిందిగా మనవి.

ఆ రోజులు మీకు గుర్తే. కోవిడ్ కొత్తగా వచ్చింది, మందు లేదు, దవాఖానాలో చేరిన మనిషి ముఖం కూడా చూడనివ్వలేదు. అప్పుడు ప్లాస్మా మాట వినపడింది. జబ్బు చేసి కోలుకున్న వారి నెత్తురులోంచి కణాలను వేరు చేస్తే మిగిలే పసుపుపచ్చని ద్రవమే ప్లాస్మా. ఆ జబ్బుతో పోరాడిన యాంటీబాడీలు అందులో ఉంటాయి కనుక, అది ఎక్కిస్తే రోగి కోలుకోవాలి గదా అని ఆలోచన. ఎవరు విన్నా సబబే అనిపించే ఆలోచన. 2020 ఏప్రిల్‌లో ఢిల్లీలో కోలుకున్న తబ్లీగ్ జమాత్ సోదరులు చాలామంది ప్లాస్మా ఇవ్వడానికి ముందుకు వచ్చారని పత్రికల్లో చదివి మన కుర్రవాళ్ళకూ ఉత్సాహం కలిగింది.

మన ఆఫీసులో ఒక లావుపాటి నోటు పుస్తకం తెరిచాము. ఎడమ పేజీలో ఇవ్వగలిగిన వారి పేర్లు, కుడి పేజీలో కావలసిన వారి పేర్లు. రాత్రి రెండు గంటలకు కూడా ఫోను మోగేది. మతం, కులం అడగకుండా ఎవరికి కావాలంటే వారికి వెతికిపెట్టారు మన పిల్లలు. రెండేసి సార్లు ప్లాస్మా ఇచ్చిన వారు కూడా ఉన్నారు. ఆ శ్రమను ఇప్పుడు మేము తక్కువ చేయడం లేదు, ఎప్పటికీ చేయము.

ఆ ఏడాది చివర సర్క్యులర్‌లో మేము ఇలా రాశాము: మన సంఘం ద్వారా ప్లాస్మా అందిన వారిలో ఎక్కువమంది అల్లాహ్ దయవల్ల ఇల్లు చేరారు, దొరకని వారిలో చాలామంది మనకు దక్కలేదు, కనుక కోలుకున్న ప్రతి ఒక్కరూ ముందుకు రావాలి. ఈ "కనుక" దగ్గరే మేము జారిపడ్డాము.

2021 మే మొదటి వారంలో ఏమి జరిగిందో ఒక భాయి అనుమతి తీసుకుని, పేరు లేకుండా చెబుతున్నాము. వారి అన్నగారు ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నారు. ప్లాస్మా తెమ్మని చీటీ మీద రాసిచ్చారు. రోగిది బీ గ్రూపు. ఈ భాయి రెండు రోజులు మోటారు సైకిలు మీద గుంటూరుకూ విజయవాడకూ తిరిగారు. రోజా ఉపవాసంతోనే తిరిగారు. మా నోటు పుస్తకంలో ఉన్న నంబర్లన్నిటికీ ఫోను చేశాము. మూడో రోజు తెల్లవారుజామున ఒక దాత ఒప్పుకున్నాడు. అప్పటికే అన్నగారు ఇంతెఖాల్ అయ్యారు. "నేను ఇంకొక్క పూట ముందు పట్టుకుని ఉంటే భాయీజాన్ బతికేవారు" అని ఆయన ఇప్పటికీ అంటారు. ఆ మాట ఆయన మనసులో నాటింది మా సర్క్యులరే. మా బాకీ అది.

ఆ నోటు పుస్తకాన్ని తర్వాత మళ్ళీ తెరిచి, ఈసారి వేరే కళ్ళతో చూశాము. ప్లాస్మా ఎవరికి దొరికింది? నలుగురు కొడుకులున్న వారికి, హైదరాబాదులో బంధువులున్న వారికి, కారున్న వారికి. మంచి ఆసుపత్రిలో పడక దొరికిన వారికి. వయసులో చిన్నవారికి, ఎందుకంటే చిన్నవారి కోసం స్నేహితులు కూడా తిరుగుతారు. దొరకనిది ఎవరికి? ఒంటరి ముసలివారికి, ఇంట్లో అందరూ జబ్బు పడినవారికి, జబ్బు ముదిరాక ఆలస్యంగా ఆసుపత్రి చేరినవారికి. మొదటి జట్టువారు ప్లాస్మా లేకపోయినా ఎక్కువమంది బతికేవారేమో! ఆ సంగతి మా పుస్తకం చెప్పలేదు. చెప్పలేదు గాని మేము చెప్పించాము.

ఇంకొక చిక్కు ఉంది, ఇది మాకు మొదట తట్టనే లేదు. ప్లాస్మా దొరకడానికి రెండు మూడు రోజులు పట్టేది. మొదటి రోజే, రెండో రోజే పోయినవారు తప్పనిసరిగా "దొరకని వారి" లెక్కలో పడ్డారు. అందిన వారందరూ అది అందేదాకా బతికి ఉన్నవారే. మన సంఘంలో ఎనభై ఏళ్ళు నిండిన పెద్దలకు ఏటా శాలువా కప్పుతాము. శాలువా కప్పించుకున్న వారందరూ ఎనభై దాటి బతికారు, కనుక శాలువా ఆయుష్షు పెంచుతుంది అంటే మీరు నవ్వుతారు. మేము చేసిన పని అదే.

ఇలా జరిగినదాన్ని జరిగినట్లు చూసి, మందు తీసుకున్న వారినీ తీసుకోని వారినీ పోల్చడాన్ని పరిశీలన పద్ధతి అంటారు. మేము చదువురాని వారిమని పొరపడలేదు లెండి. అమెరికాలో 2020లో 35,322 మందికి ప్లాస్మా ఎక్కించి పెద్ద నివేదిక తయారుచేశారు. రోగ నిర్ధారణ అయిన మూడు రోజుల్లోపు ఎక్కించిన వారిలో ఏడు రోజులకల్లా నూటికి 8.7 మంది, ఆలస్యంగా ఎక్కించిన వారిలో 11.9 మంది చనిపోయారని తేలింది. అసలు ప్లాస్మా ఇవ్వని జట్టే అందులో లేదు. త్వరగా అందినవారూ ఆలస్యంగా అందినవారూ మిగతా అన్ని విషయాల్లో సమానులని ఎవరు హామీ ఇవ్వగలరు? అయినా 2020 ఆగస్టు 23న అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ అత్యవసర అనుమతి ఇచ్చింది. ఆ సంస్థ అధిపతి స్టీఫెన్ హాన్ నూటికి 35 మంది బతికేవారని పత్రికల వారి ముందు చెప్పి, విమర్శలు వచ్చాక మర్నాడే అవి న్యాయమైనవేనని ఒప్పుకున్నారు. అంత చదువుకున్న వారికే అలా అయింది.

పోలిక లేకుండా మందు సంగతి తెలియదని మన పూర్వులకు తెలుసు. రే నగరంలో పుట్టి, అక్కడా బగ్దాదులోనూ ఆసుపత్రులు నడిపి, క్రీ.శ. 925 ప్రాంతంలో కన్నుమూసిన అల్ రాజీ పేరు మీలో కొందరు వినే ఉంటారు. మెదడు పొరల వాపు వచ్చిన రోగుల్లో కొందరికి నెత్తురు తీసి, మరికొందరికి కావాలనే తీయకుండా ఉంచి చూశానని "అల్ హావీ" అనే గ్రంథంలో రాసుకున్నారు. వెయ్యేళ్ళ కిందట ఎంత గొప్ప ఆలోచన! కాని నెత్తురు తీయడమే రోగులను కాపాడిందని ఆయన తేల్చారు. ఈనాడు ఏ వైద్యుడూ ఆ జబ్బుకు నెత్తురు తీయడు. ఎవరికి తీయాలి, ఎవరిని వదలాలి అన్నది వైద్యుడే ఎంచుకుంటే, తనకు తెలియకుండానే తన మనసు అందులో కలుస్తుంది. పోలిక ఉంది గాని ఎంపిక చేయి మనిషిదే అయింది.

ఆ ఎంపికను మనిషి చేతిలోంచి తీసేయడమే చీటీ పద్ధతి. ఒప్పుకున్న రోగులందరి పేర్లు రాసుకుని, ఎవరికి కొత్త మందు, ఎవరికి మామూలు వైద్యం అన్నది లాటరీ తీసినట్లు తేలుస్తారు. అప్పుడు కొడుకులున్నవారూ లేనివారూ, ముసలివారూ పడుచువారూ, మనకు తట్టిన తేడాలూ తట్టని తేడాలూ రెండు జట్లలోనూ ఇంచుమించు సమంగా పడతాయి. మనుషులు చాలినంతమంది ఉండాలి సుమా, పదిమందితో కుదిరే పని కాదు. తర్వాత రెండు జట్లకూ తేడా వస్తే అది మందు వల్లనే అనడానికి ధైర్యం ఉంటుంది.

దీనికి పేరు తెచ్చిన పరీక్ష క్షయ జబ్బు మీద జరిగింది. యుద్ధం ముగిశాక బ్రిటనులో స్ట్రెప్టోమైసిన్ మందు చాలా కొద్దిగా ఉంది, అందరికీ చాలదు. ఎటూ అందరికీ ఇవ్వలేనప్పుడు చీటీ తీయడమే ధర్మమని బ్రాడ్‌ఫోర్డ్ హిల్ అనే గణాంక శాస్త్రజ్ఞుడూ అక్కడి వైద్యులూ అనుకున్నారు. 107 మంది రోగులు. సీలు వేసిన కవర్లలో చీటీలు. 55 మందికి మందు, 52 మందికి ఆనాటి మామూలు వైద్యమైన పడక విశ్రాంతి. ఆరు నెలల్లో మందు తీసుకున్న వారిలో నలుగురు, తీసుకోని వారిలో 14 మంది పోయారు. 1948లో ఫలితం అచ్చయింది. అయితే తాము పరీక్షలో ఉన్నామని ఆ 52 మందికి చెప్పలేదు. ఈ రోజున అలా చేయడానికి వీలులేదు, చేయకూడదు కూడా.

మన దక్షిణాదిన జరిగిన ఒక పరీక్ష మాకు ఇంకా ఇష్టం. మన పెద్దలకు మదనపల్లె అంటే ఆరోగ్యవరం శానిటోరియం గుర్తు. క్షయ వచ్చిందంటే మంచి గాలి, పాలు, గుడ్లు, విశ్రాంతి ఉన్న చోటికి పంపాలి, లేకపోతే మనిషి దక్కడు, ఇంట్లో వాళ్ళకూ అంటుకుంటుంది అని గట్టి నమ్మకం. పడకలు చూస్తే చాలా కొద్ది. 1956లో మద్రాసులో పెట్టిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం వారు 193 మంది రోగులను చీటీ పద్ధతిలో విడదీసి కొందరిని శానిటోరియంకు పంపారు, మిగిలిన వారిని వారి ఇళ్ళలోనే ఉంచారు. ఇళ్ళంటే ఇరుకు పేటల్లోని ఒంటి గదులు. మందులు మాత్రం ఇద్దరికీ ఒకటే, ఏడాది పాటు. ఇంట్లో ఉన్నవారు తక్కువ తిన్నారు, విశ్రాంతీ తక్కువే. 1959లో ఫలితం చెప్పారు: ఇంటి వైద్యం దాదాపు శానిటోరియం వైద్యమంత బాగానే పనిచేసింది, ఇంటివారికి ఎక్కువగా అంటుకోనూ లేదు. చీటీ లేకుండా ఊరికే పరిశీలించి ఉంటే? శానిటోరియంలో ఎవరు చేరేవారో, ఎవరు ఇంట్లో ఉండిపోయేవారో ఆలోచించండి. మన నోటు పుస్తకం కథే అయ్యేది. ఈనాడు క్షయ రోగులు ఇంట్లో ఉండి, పనికి పోతూ, మందులు వేసుకుని నయం చేసుకుంటున్నారంటే దాని వెనక ఆ 193 మంది పేదవారున్నారు.

ఇక ప్లాస్మా దగ్గరికి వద్దాము. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి వారు 2020 ఏప్రిల్ నుంచి జూలై దాకా 39 ఆసుపత్రుల్లో 464 మందితో చీటీ పద్ధతిలో పరీక్ష చేశారు. ప్లాస్మా ఇచ్చినవారు 235 మంది, వారిలో 44 మందికి జబ్బు తీవ్రమవడమో ప్రాణం పోవడమో జరిగింది. ఇవ్వనివారు 229 మంది, వారిలో 41 మందికి అలా జరిగింది. అంటే తేడా లేదు. బ్రిటనులో 11,558 మందితో ఇంకా పెద్ద పరీక్ష చేశారు. ప్లాస్మా ఇచ్చిన జట్టులో నూటికి 24 మంది, ఇవ్వని జట్టులో నూటికి 24 మంది నెలలోపు పోయారు. మళ్ళీ చదువుతాము: 24, 24.

జబ్బు మొదలైన మూడు రోజుల్లోపే, యాంటీబాడీలు దండిగా ఉన్న ప్లాస్మాను ముసలివారికి ఇస్తే కొంత మేలు జరిగినట్లు అర్జెంటీనాలో 160 మందితో చేసిన చిన్న పరీక్ష చూపింది. అదీ చీటీ పద్ధతే. కాని మనవాళ్ళు పరుగులు పెట్టింది అప్పటికే ఆక్సిజన్ మీద ఉన్నవారి కోసం.

మన దేశపు పరీక్ష ఫలితం 2020 అక్టోబరులో అచ్చయింది. ఆ భాయి మోటారు సైకిలు మీద తిరిగింది 2021 మేలో. ప్లాస్మాను చికిత్సా సూచనల్లోంచి తీసివేసింది 2021 మే 17న. ఏడు నెలలు! మేమూ ఆ ఏడు నెలల్లో ఆ ఫలితం చదవలేదు, సర్క్యులర్ దిద్దలేదు. భాయీ, మీరు ఒక పూట ముందు తెచ్చి ఉన్నా అన్నగారి స్థితి మారి ఉండేదని చెప్పడానికి ఆధారం లేదు. మీ ఆలస్యం వల్ల ఆయన పోలేదు. ఇది ఓదార్పు కోసం అంటున్న మాట కాదు, పన్నెండు వేలమంది లెక్క చెబుతున్న మాట.

అదే బ్రిటను పరీక్షలో డెక్సామెథసోన్ అనే పాత మందును కూడా చూశారు. ఏ మందుల షాపులోనైనా కొద్ది రూపాయలకు దొరికే మందు. దాని మీద అప్పటిదాకా వైద్యులు రెండు వర్గాలుగా ఉన్నారు, కొందరు హాని అన్నారు. 2020 జూన్ 16న ఫలితం చెప్పారు. వెంటిలేటరు మీద ఉన్నవారిలో చావులు నూటికి 41 నుంచి 29కి తగ్గాయి, ఆక్సిజన్ మీద ఉన్నవారిలో 26 నుంచి 23కి. ఆక్సిజన్ అవసరం లేని వారిలో మాత్రం మేలు లేదు, పైగా 14కు బదులు 18 మంది దాకా పోయారు. ఆ చివరి ముక్క మన ఊళ్ళదాకా రాలేదు. 2021లో జ్వరం వచ్చిన మొదటి రోజే ఇంట్లో స్టెరాయిడ్ మాత్రలు మింగినవారు మనలో ఎందరు! చక్కెర జబ్బు ఉన్నవారికి దాని తర్వాత నల్ల ఫంగస్ వచ్చిన కష్టం కూడా చూశాము.

మరి పరిశీలన పద్ధతి పనికిరాదా అంటే, అలా అనుకుంటే మళ్ళీ పొరపాటే. స్ట్రెప్టోమైసిన్‌కు చీటీలు తయారుచేసిన ఆ బ్రాడ్‌ఫోర్డ్ హిల్ గారే, రిచర్డ్ డాల్ అనే వైద్యునితో కలిసి సిగరెట్టుకూ ఊపిరితిత్తుల క్యాన్సరుకూ సంబంధాన్ని 1950లో చూపించారు. 1951లో బ్రిటిష్ డాక్టర్లకు ఉత్తరాలు రాస్తే 40 వేలకు పైగా జవాబులు వచ్చాయి, వారిని ఏళ్ళ తరబడి గమనించారు. చీటీ తీసి సగం మందిని ఇరవై ఏళ్ళు సిగరెట్లు తాగమనలేము గదా! అక్కడ తేడా కూడా నూటికి రెండో మూడో కాదు, ఎన్నో రెట్లు. లక్షలో ఒకరికి వచ్చే దుష్ఫలితం కూడా కొద్ది వేలమంది పరీక్షలో కనపడదు, మందు బజారులోకి వచ్చాక గమనిస్తూ ఉంటేనే తెలుస్తుంది. హిల్ గారికి రెండు పనిముట్లూ తెలుసు, ఏది ఎక్కడ వాడాలో కూడా తెలుసు.

ఈ సంగతి మా ఉపసంఘంలో మాట్లాడుకుంటుంటే ఒక ఆపా అడిగారు: "అయితే మా వాడు చావుబతుకుల్లో ఉంటే వాడి మీద చీటీ తీస్తారా?" కోపంగానే అడిగారు, న్యాయమైన కోపం. మందు మంచిదని ముందే తెలిసి ఉంటే చీటీ తీయడం పాపమే. మంచో చెడో ఎవరికీ తెలియనప్పుడు మాత్రమే చీటీ. తెలియనప్పుడు అందరికీ ఇచ్చేయడం కూడా పరీక్షే, కాకపోతే దాని నుంచి ఏమీ నేర్చుకోలేని పరీక్ష. ఆపా కాసేపు ఊరుకుని, "ఒప్పుకునేది తల్లేనా, డాక్టరేనా?" అన్నారు. అసలు ప్రశ్న అదే.

మన ప్రాంతంలో ఆ భయానికి కారణం ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో సుమారు 14 వేల మంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా టీకా వేసే కార్యక్రమం జరిగింది. అది చీటీ పరీక్ష కూడా కాదు, పరిశీలన అన్నారు. హాస్టలు పిల్లల తరఫున తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారని బయటపడింది. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు, పార్లమెంటు సంఘం 2013లో గట్టిగా మందలించింది. జరిగిన మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. అయినా అడగకుండా చేసిన పని మీద నమ్మకం ఎలా కలుగుతుంది?

కనుక మీలో ఎవరినైనా ఆసుపత్రిలో పరీక్షలో చేరమంటే భయపడి పారిపోనూ వద్దు, తల ఊపి సంతకం పెట్టనూ వద్దు. కాగితం తెలుగులోనో ఉర్దూలోనో మీకు వచ్చిన భాషలో ఇమ్మనండి, ఇంటికి తెచ్చుకుని చదవండి. ఆసుపత్రి నైతిక సంఘం అనుమతి ఉందా, దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదైందా అని అడగండి. 2019 నిబంధనల ప్రకారం కొత్త మందు పరీక్షలో హాని కలిగితే ఉచితంగా వైద్యం చేయాలి. మధ్యలో మానుకునే హక్కు మీది, మానుకున్నా మామూలు వైద్యం ఆపకూడదు. కాగితం అర్థం కాకపోతే మా దగ్గరికి తీసుకురండి, మన సభ్యుల్లో ఇద్దరు డాక్టర్లు చదివి చెప్పడానికి ఒప్పుకున్నారు.

మా నిధి గురించి ఒక్క ముక్క. ఖరీదైన కొత్త చికిత్సకు సాయం అడిగినప్పుడు, ఇది చీటీ పద్ధతిలో తేలిందా, తేలితే ఎలాంటి రోగుల్లో తేలింది అని ఇకమీదట ఆ డాక్టరు గారినే అడిగి రాసుకుంటాము. ఇచ్చేది మీ జకాతు, మీ చందా. అడిగినంత మాత్రాన సాయం ఆపుతామని ఎవరూ అనుకోవద్దు. ఆలస్యం చేయకూడదని కూడా తీర్మానించుకున్నాము.

2020 సర్క్యులర్‌లోని ఆ వాక్యాన్ని ఉపసంహరించుకుంటున్నట్లు ఈ సంచికలో అచ్చు వేయించాము. పాత నోటు పుస్తకం ఆఫీసు బీరువాలో భద్రంగా ఉంది. ప్లాస్మా ఇచ్చిన పిల్లల పేర్లు అందులో ఉన్నాయి. అధ్యక్షుల వారు భోజనాలకు ముందు పావుగంట ప్రశ్నలకు ఇచ్చారు, వెనక వరసలో కూర్చున్న ఆపాలు మొదట అడగవచ్చు.